విద్వేష సంఘాల సభ్యత్వ గుర్తులు మన మ్యూజియంకి వస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి డెల్టాలో చిన్న మ్యూజియాలు, కాలేజీ చరిత్ర విభాగాలు, పాత గ్రంథాలయాల సేకరణలు చూసుకునేవాళ్ల కోసం, ఇంట్లో ఇలాంటి వస్తువు బయటపడి ఏం చేయాలో తోచని కుటుంబాల కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ.

సభ్యత్వ వస్తువు అంటే ఏది?

ఒక మనిషి ఒక సంఘంలో చేరాడని చూపించేది ఏదైనా. కోటుకు పెట్టుకునే బ్యాడ్జి, సభ్యత్వ పుస్తకం, చందా రసీదు, నిలువుటంగీ, ముసుగు టోపీ, జేబులో వేసుకునే బిళ్ల, సభ్యుల జాబితా. జెండాలు, ప్రచార పోస్టర్లు వేరే కోవ. పోస్టరు సంఘం ఏం చెప్పిందో చూపిస్తుంది. రసీదు ఆ మాట విని డబ్బు కట్టింది ఎవరో చూపిస్తుంది.

కొన్ని సంఘాలకు బ్యాడ్జీ ఉండదు, కార్డూ ఉండదు. 1987లో అమెరికాలోని జెర్సీ సిటీలో భారతీయుల్ని ఊరు నుంచి తరిమేస్తామంటూ ఒక గుంపు పత్రికకు ఉత్తరం రాసింది. వాళ్లు తమకు పెట్టుకున్న పేరు ‘డాట్‌బస్టర్స్’. ఆ ‘డాట్’ మన ఆడవాళ్ల నుదుటి బొట్టు. అలాంటి గుంపు విషయంలో ఆ పత్రిక ప్రతే వస్తువు. దాన్ని కూడా ఇదే పద్ధతిలో దాచాలి.

ఇవి గోదావరి జిల్లాలకి ఎలా చేరతాయి?

రెండు దారులు. ఒకటి యుద్ధం. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. అక్కడి నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులు వెళ్లారు. రెండో యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో, ఇటలీలో పోరాడిన భారత డివిజన్ల సైనికులు పట్టుబడ్డ జర్మన్ల దగ్గరవి గుర్తుగా తెచ్చుకోవడం మామూలు. అవి ట్రంకు పెట్టె అడుగున, సైనిక పతకాలతో కలిసి ఉండిపోతాయి. రెండో దారి అమెరికా. అక్కడి పాత సామాను సంతల్లో పిల్లలు ‘పాత నాణెం’ అనుకుని కొన్నది కు క్లక్స్ క్లాన్ (నల్లజాతివారిని, యూదుల్ని బెదిరించిన అమెరికా విద్వేష సంఘం) బిళ్ల అవుతుంది.

దొరికిన వెంటనే చేయాల్సిన పని ఒకటే. దేంతో కలిసి దొరికిందో అలాగే ఫొటో తీయండి. బ్యాడ్జిని తాతగారి పతకాల నుంచి, డిశ్చార్జి కాయితం నుంచి విడదీశారంటే అది ఎక్కడిదో చెప్పే ఒకే ఒక్క ఆధారం పోయినట్టే. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఆయన ఏ పటాలంలో, ఏ దేశంలో పనిచేశారో వాళ్ల మాటల్లోనే, ఆ రోజు తేదీ వేసి రాసుకోండి.

ఇంత పాడు వస్తువు గోదాట్లో కలిపేస్తే పోదా?

కోపం అర్థమవుతుంది. కానీ ఆ బ్యాడ్జి పోతే పోయేది సాక్ష్యం. నేరం అలాగే ఉంటుంది. 1945లో నాజీ పార్టీ తన కేంద్ర సభ్యత్వ కార్డుల్ని గుజ్జు చేయమని మ్యూనిక్ దగ్గర ఫ్రైమాన్‌లోని కాగితపు మిల్లుకు పంపింది. మిల్లు నడిపే హాన్స్ హూబర్ ఆ పని చేయకుండా వాటిని దాచిపెట్టాడు. తర్వాత అవి అమెరికా సైన్యం చేతికి వచ్చి, బెర్లిన్ డాక్యుమెంట్ సెంటర్‌లో చేరి, 1994లో జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్‌కు అందాయి. అంటే ఆ కార్డులు మాసిపోవాలని కోరుకున్నది నాజీలే.

క్లాన్ వస్తువుల్లో ఏది ఎక్కువ చెబుతుంది?

అందరి కళ్లూ క్లాన్ సభ్యులు వేసుకునే తెల్ల అంగీ మీదే పడతాయి. మా లెక్కలో మాత్రం రసీదే గొప్పది. క్లాన్ మొదట 1860ల మధ్యలో టెనెసీలోని పులాస్కీలో పుట్టింది. దాన్ని అణచడానికి అమెరికా ప్రభుత్వం చేసిన 1871 చట్టం దెబ్బకు అణగారింది. 1915లో విలియం సిమ్మన్స్ జార్జియాలో దాన్ని మళ్లీ లేపాడు. ఈ రెండోసారిది వ్యాపారం. చేరడానికి 10 డాలర్లు. అందులో 4 డాలర్లు చేర్పించిన ఏజెంటుకి, 1 డాలరు అతని పైవాడికి, అర డాలరు ఆ పైవాడికి, మిగిలిన నాలుగున్నర అట్లాంటాలోని పెద్దలకి. అంగీకి వేరే ఆరున్నర డాలర్లు. అది కూడా సంఘం దగ్గరే కొనాలి. చిట్టీల కంపెనీలు, గొలుసుకట్టు స్కీములు చూసిన మనవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక్కో ద్వేషి వెనకా ఒక కమీషన్ ఉంది.

బిళ్లల మీద, టైపిన్నుల మీద కె.ఐ.జి.వై., ఎ.వై.ఎ.కె. అనే అక్షరాలు కనిపిస్తాయి. ఇవి సభ్యులు ఒకరినొకరు గుర్తుపట్టే రహస్య పలకరింపుల పొడి అక్షరాలు. ‘క్లాన్ మనిషీ, నీకు నమస్కారం’ అని మొదటిది పలకరిస్తుంది, ‘నువ్వు క్లాన్ మనిషివేనా?’ అని రెండోది అడుగుతుంది. కేటలాగులో అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు రాసి, అర్థం వేరే గడిలో రాయండి. ఆడవాళ్లకు 1923లో విడి సంఘం పెట్టారు కాబట్టి వస్తువు మీద ఆడమనిషి పేరుంటే పొరపాటు అనుకోవద్దు.

నాజీ సభ్యత్వ పుస్తకాన్ని ఎలా చదవాలి?

మూడు చోట్ల చూడండి: నెంబరు, చేరిన తేదీ, చందా స్టాంపులు.

నెంబర్ని గుడ్డిగా నమ్మకండి. పార్టీ తన బలం పెద్దదిగా కనబడాలని లెక్కను 501 నుంచి మొదలుపెట్టింది. హిట్లర్ నెంబరు 555. లక్షలోపు నెంబరుండి సభ్యత్వం తెగకుండా కొనసాగించినవాళ్లకి తర్వాత బంగారు బ్యాడ్జి ఇచ్చారు. దాని వెనక ఆ నెంబరే చెక్కి ఉంటుంది.

తేదీ ఇంకా బాగా మాట్లాడుతుంది. 1933 జనవరిలో హిట్లర్ గద్దెనెక్కగానే జనం ఎగబడ్డారు. ఆ తాకిడికి పార్టీ 1933 మే 1 నుంచి తలుపులు మూసి, 1937లో తెరిచింది. 1928లో చేరినవాడు, 1933 మే 1 తేదీ ఉన్నవాడు, 1937లో చేరినవాడు ఒకే రకం మనుషులు కారు. మొదటివాడు నమ్మి చేరాడు. మిగతా ఇద్దరిలో ఉద్యోగం కోసం, ప్రమోషన్ కోసం చేరినవాళ్లు చాలామంది. లేబుల్ మీద ఈ తేడా చూపించకపోతే పుస్తకం అట్ట చూపించినట్టే.

నెలనెలా చందా కట్టి స్టాంపు అంటించుకునేవాళ్లు. చివరి స్టాంపు ఏ నెలదో అదే ఆ మనిషి చివరిగా డబ్బు కట్టిన నెల. మన దగ్గర అసలు గొడవ ఇక్కడే. ముసురు పట్టిందంటే స్టాంపుల వెనక జిగురు తడి లాగి ఎదురు పేజీకి అంటుకుపోతుంది. బలవంతంగా లాగితే పై పొర ఊడొస్తుంది. వానాకాలం రాకముందే స్టాంపులున్న ప్రతి పేజీ మధ్యా సిలికాన్ పూత ఉన్న కాగితం పెట్టండి. మంచి బేకింగ్ పేపర్ తాత్కాలికంగా పనికొస్తుంది. ఇప్పటికే అంటుకుని ఉంటే ఆవిరి పట్టకండి, కాగితపు పరిరక్షకులకు అప్పగించండి.

దాని మీద స్వస్తిక్ ఉంది కదా. మన గుమ్మం మీదా అదే ఉంది. పిల్లలకి ఏం చెప్పాలి?

ఇక్కడ ఎక్కువ మంది తడబడతారు, ముఖ్యంగా పెద్ద మ్యూజియంల లేబుళ్లు చూసి తెలుగులోకి దింపేటప్పుడు.

మనకది గడప మీద పసుపుతో, పెళ్లి శుభలేఖ మీద కుంకుమ రంగులో, కొత్త ఖాతా పుస్తకం మొదటి పేజీలో ఉండే శుభచిహ్నం. నాగార్జునకొండలో ఒక బౌద్ధ స్తూపం పునాదినే ఇటుకలతో స్వస్తిక ఆకారంలో కట్టారు. నాజీలు తమ గుర్తును జర్మన్‌లో ‘హాకెన్‌క్రాయిజ్’ అన్నారు. కొక్కేల శిలువ అని అర్థం. 1920లో పార్టీ జెండా మీదికి ఎక్కించి, 1935 సెప్టెంబర్‌లో దేశపు జెండా చేశారు.

తెలుగు లేబుల్లో ‘స్వస్తిక్ ఉన్న బ్యాడ్జి’ అని ఎప్పుడూ రాయకండి. ‘నాజీల హాకెన్‌క్రాయిజ్ గుర్తు ఉన్న బ్యాడ్జి’ అని రాయండి. చేతులు ఎటు తిరిగాయో చూసి తేడా చెప్పొచ్చని చాలామంది నమ్మకంగా అంటారు. అది తప్పు. మన సంప్రదాయంలో రెండు వైపులా తిరిగినవీ ఉన్నాయి. నాజీ గుర్తును సాధారణంగా పట్టించేవి మూడు: 45 డిగ్రీలు ఒరిగి మొన మీద నిలబడటం, నలుపు రంగు, ఎర్రటి వెనక తెల్లటి వృత్తం. మనదానిలో నాలుగు గడుల్లో తరచుగా నాలుగు చుక్కలు ఉంటాయి. గుర్తు ఒక్కటే చూసి తేల్చకుండా ఎవరు, ఎప్పుడు, ఎవరి మీద వాడారో చెప్పడమే సరైన దారి.

ఒకే అద్దాల పెట్టెలో ఇత్తడి కలశం మీది స్వస్తికనూ నాజీ బ్యాడ్జినీ పక్కపక్కన పెట్టే ఆలోచన చాలామందికి వస్తుంది. వద్దు. పోలిక చూపబోతే సంబంధం ఉందనే అనిపిస్తుంది. తేడా చెప్పాలంటే గోడ మీద రెండు బొమ్మలు గీసి రాస్తే చాలు.

అసలుదా నకిలీదా ఎలా తెలుస్తుంది?

బజారులో నకిలీలే ఎక్కువ. పొరపాటున నకిలీని అసలుగా చూపిస్తే ‘ఇదంతా కట్టుకథ’ అనేవాళ్ల చేతికి కర్ర ఇచ్చినట్టు. ఈ వరసలో చూడండి.

ముందు 10 రెట్లు పెద్దది చేసే భూతద్దం. అచ్చు కొట్టిన బ్యాడ్జికి అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. నకిలీకి పోతపోసిన గుర్తుగా గుండుసూది మొనంత గుంటలు, అంచున అతుకు గీత కనిపిస్తాయి. రంగు గాజు ఎనామిల్ అయితే గట్టిగా, చల్లగా ఉంటుంది. పెయింటయితే అంచుల్లో పొంగి ఉంటుంది. 1930ల మధ్య నుంచి వచ్చిన నాజీ పార్టీ బ్యాడ్జీల వెనక ఆర్.జడ్.ఎం. (పార్టీ సామగ్రి కార్యాలయం పేరుకి పొడి అక్షరాలు) అనే ముద్ర, ఎం1 తర్వాత గీటు పెట్టి తయారీదారు నెంబరు ఉంటాయి. ముద్ర ఉన్నంత మాత్రాన అసలుది కాదు. నకిలీవాళ్లు ముందు కాపీ కొట్టేది దాన్నే.

తర్వాత నోట్లు చూసే అల్ట్రా వయొలెట్ టార్చి. చీకటి గదిలో కాగితం మీద వేయండి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు విరివిగా వాడుకలోకి వచ్చింది సుమారు 1950 నుంచి. 1925 నాటి కార్డు నీలంగా ధగధగమంటే అది 1925ది కాదు. గుడ్డ విషయంలో ఈ పరీక్ష మోసం చేస్తుంది. పాత అంగీని ఎవరైనా ఈమధ్య సర్ఫ్‌లో ఉతికి ఉంటే అసలుది కూడా మెరుస్తుంది. అప్పుడు కుట్టు లోపలి దారం చూడాలి. పాలియెస్టర్ కనిపెట్టింది 1941లో. 1920ల అంగీలో అది ఉంటే మరమ్మతు చేసి ఉండాలి, లేదా నకిలీ అయి ఉండాలి.

బ్యాడ్జి నల్లబడింది. చింతపండుతో తోమొచ్చా?

వద్దండీ. పీతాంబరీ వద్దు, బ్రాసో వద్దు, నిమ్మకాయ వద్దు. చింతపండు పులుపు ఇత్తడి పైపొరను తినేస్తుంది. యుద్ధకాలంలో రాగి కరువై చాలా జర్మన్ బ్యాడ్జీలు జింకుతో చేశారు. జింకు మీద పులుపు పడితే నిమిషాల్లో గుంటలు పడతాయి. వెనకున్న నెంబరు సన్నటి గీతలే కదా, ముందు అరిగిపోయేది అదే.

నైట్రైల్ తొడుగులు వేసుకుని, మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. అంతవరకే. వెనక ఆకుపచ్చ కనిపిస్తే అది ఏ రకమో చూడాలి. మైనంలా ముదురు పచ్చగా ఉంటే తోలుకో జిడ్డుకో తగిలి వచ్చింది, తొందరేం లేదు. లేత పచ్చటి పొడిలా రాలుతూ, దులిపినా వారంలో మళ్లీ వస్తుంటే ఉప్పు లోహంలోకి దిగి తింటోందని అర్థం. నరసాపురం, అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పుగాలికి ఇది త్వరగా పడుతుంది. ఆ వస్తువును వెంటనే వేరు చేసి పొడి పెట్టెలో పెట్టాలి.

పొడి పెట్టె ఎలా తయారుచేయాలి?

రబ్బరు అంచు మూత ఉన్న 10 లీటర్ల పాలీప్రొపిలీన్ డబ్బా ఒకటి. ఎండబెట్టిన సిలికా జెల్ 200 గ్రాములు. ఘనపు మీటరుకు 20 కిలోలు అనేది మ్యూజియంల పాత లెక్క, దాన్నే ఇక్కడికి దించాం. జెల్‌ను పల్చటి గుడ్డ సంచిలో పోసి, వస్తువుకు తగలకుండా ఒక మూలన పెట్టండి. చిన్న డిజిటల్ తేమ మీటరు లోపల కనబడేలా పెట్టండి. లోహానికి 40 శాతం లోపు ఉండాలి. వానాకాలంలో మన గదుల్లో 80 దాటడం మామూలే కాబట్టి మూత తీసిన ప్రతిసారీ జెల్ పని పెరుగుతుంది.

నారింజ రంగు నుంచి పచ్చకి మారే జెల్ కొనండి. నీలం నుంచి గులాబీకి మారేదాంట్లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, ఆరోగ్యానికి మంచిది కాదు. రంగు మారాక 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్లో 3, 4 గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. వంట ఓవెన్ వాడకండి.

కాగితాన్ని ఈ పెట్టెలో పెట్టకండి. దానికి 45 నుంచి 55 శాతం తేమ కావాలి. మరీ పొడిగా ఉంటే పెళుసెక్కి మడతల దగ్గర విరుగుతుంది. ఇక లామినేషన్. ఇది చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. జిరాక్స్ షాపులో లామినేట్ చేయించిన కార్డును వెనక్కి తేలేం. వేడి, జిగురు రెండూ కాగితంలోకి దిగిపోతాయి.

అంగీలు, ముసుగులు?

ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు. చెమట మరక, మసి, కాలర్లో పేరు రాసిన గుడ్డముక్క అన్నీ సాక్ష్యాలే. ఛాతీ మీది ఎర్ర గుర్తు రంగు తడి తగిలితే తెల్లగుడ్డ మీదికి పాకుతుంది. గంజి పోయేలా రెండుసార్లు ఉడకబెట్టి ఆరేసిన మల్లు గుడ్డలో చుట్టండి. మడత పెట్టే ప్రతిచోటా ఆమ్లం లేని టిష్యూ కాగితాన్ని చుట్టగా చేసి లోపల పెట్టండి. ఏడాదికోసారి మడతల చోటు మార్చండి. ముసుగు టోపీ లోపల అట్ట ఉంటే అది పసుపెక్కి గుడ్డను తింటుంది. అట్ట తీసేయకండి, మధ్యలో టిష్యూ అడ్డుపెట్టండి.

కలరా ఉండలు వేయొద్దు. వేపాకు నేరుగా తగిలితే మరక పడుతుంది.

పురుగు పట్టింది. మందు కొట్టాలా?

మందు కంటే చలి మేలు. గుడ్డనో పుస్తకాన్నో రెండు పాలిథిన్ కవర్లలో గాలి తీసి మూసి, మైనస్ 18 నుంచి 20 డిగ్రీల్లో రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక 24 గంటలు కవరు విప్పకూడదు. విప్పితే చల్లటి గుడ్డ మీద నీరు కమ్ముతుంది. డెల్టాలో ఉన్న అదృష్టం ఏంటంటే భీమవరం చుట్టుపక్కల రొయ్యల కోల్డ్ స్టోరేజీలకు కొదవ లేదు, కరెంటు పోయినా వాళ్ల జనరేటరు ఆగదు. వాసన పట్టకుండా మూడో కవరు కూడా వేయండి. ఎనామిల్ బ్యాడ్జి, ఫొటో అంటించిన కార్డు మాత్రం ఫ్రీజర్లో పెట్టొద్దు.

రిజిస్టర్లో ఏం రాయాలి?

చేరిక సంఖ్య (2025.4.1 అంటే ఆ ఏడాది నాలుగో దాతది, మొదటి వస్తువు), కొలతలు మిల్లీమీటర్లలో, బరువు, దేంతో చేసింది, మీద ఉన్న రాత యథాతథంగా, ఇచ్చినవారు, వారికి ఎలా వచ్చింది, ఎవరు విన్నారు, ఎప్పుడు. ‘తెలియదు’ అని రాయడానికి సిగ్గుపడొద్దు. ‘బహుశా’ అని రాసింది పదేళ్లలో ‘కచ్చితంగా’ అయిపోతుంది.

కాగితం మీద 2బి పెన్సిల్‌తో వెనక మూలన సంఖ్య వేయండి. లోహానికి నూలు దారంతో చీటీ కట్టండి. గుడ్డకు నూలు పట్టీ మీద రాసి, కుట్టు గీతలోనే రెండు టాకాలు వేయండి.

ఎలా ప్రదర్శించాలి?

అంగీని బొమ్మకు తొడిగి మధ్యలో నిలబెట్టకండి. ఎత్తుగా నిలబడ్డ తెల్ల ఆకారం చూసేవాణ్ని భయపెట్టాలనే పుట్టింది. అలా పెడితే దాని పని మనం చేసిపెట్టినట్టు. మడిచి, బల్ల మీద పడుకోబెట్టి, పెద్దవాళ్లు కూడా తల వంచి చూసే ఎత్తులో పెట్టండి. కింద నుంచి లైటు, నల్ల వెల్వెట్, గుండ్రంగా తిరిగే స్టాండు వద్దు. అవి నగల షాపు పద్ధతులు. బ్యాడ్జిని వెనక వైపు తిప్పి పెట్టి నెంబరు చూపించండి, ముందు వైపుకు చిన్న ఫొటో చాలు. వెలుతురు 50 లక్స్ మించకూడదు. ఏడాదిలో మూడు నెలలు బయట, తొమ్మిది నెలలు చీకట్లో.

లేబుల్ ఎలా ఉండాలంటే: ‘సభ్యత్వ రసీదు, 1924, అమెరికా. నల్లజాతివారిని, యూదుల్ని, కేథలిక్కుల్ని, వలస వచ్చినవారిని బెదిరించిన కు క్లక్స్ క్లాన్‌లో చేరడానికి ఒకరు కట్టిన 10 డాలర్లకు ఇది రసీదు. ఇందులో 4 డాలర్లు చేర్పించినవారి కమీషన్.’ వస్తువు, తేదీ, ఎవరికి హాని, డబ్బు. ‘అరుదైన’, ‘అపురూపమైన’ లాంటి మాటలు రానివ్వకండి.

గది బయట ముందస్తు సూచన ఉండాలి. బడి పిల్లలు వస్తుంటే టీచరుగారికి ఒకరోజు ముందు చూపించండి. సెల్ఫీలు వద్దని రాసినా తీస్తారు కాబట్టి మనిషి వెనక గుర్తు పడని చోట పెట్టెను అమర్చడమే మందు.

అమెరికాలో మిషిగన్‌లోని ఫెర్రిస్ స్టేట్ యూనివర్సిటీ జిమ్ క్రో మ్యూజియం (నల్లజాతివారిని వేరుచేసి ఉంచిన అమెరికా చట్టాలను జిమ్ క్రో చట్టాలంటారు) ఇలాంటి వస్తువులతోనే పాఠం చెబుతుంది. దాన్ని స్థాపించిన డేవిడ్ పిల్‌గ్రిమ్ నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త. వస్తువుల చుట్టూ ఎంత వివరణ ఉంటుందో అక్కడి ఏర్పాటు చూస్తే తెలుస్తుంది.

జాబితాలో ఉన్న పేర్లు బయటపెట్టాలా?

హిస్టరీ కొలరాడో సంస్థ డెన్వర్ క్లాన్ 1924 నుంచి 1926 వరకు రాసుకున్న సభ్యత్వ ఖాతాలను 2021లో ఆన్‌లైన్‌లో అందరికీ తెరిచింది. దాదాపు 1,300 పేజీలు, 30,000 పద్దులు. న్యూయార్క్ రాష్ట్రం 1923లోనే సభ్యుల జాబితా ప్రభుత్వానికి ఇవ్వాలని చట్టం చేసింది, 1928లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. జర్మన్ ఫెడరల్ ఆర్కైవ్స్ ఒక వ్యక్తికి సంబంధించిన కాగితాలను అతను పోయిన 10 ఏళ్లకి, చావు తేదీ తెలియకపోతే పుట్టిన 100 ఏళ్లకి తెరుస్తుంది. చిన్న సేకరణలకు ఈ 100 ఏళ్ల కొలత బాగుంటుంది. పరిశోధకులకు చూపించండి, గోడ మీద మాత్రం పేరును కప్పండి.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో చారిత్రక వస్తువుగా దాచుకోవడం నేరం కాదు. వర్గాల మధ్య శత్రుత్వం పెంచేలా వాడితే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ వర్తిస్తుంది (2024 జూలైకి ముందు ఐపీసీ 153-ఎ). జర్మనీలో శిక్షాస్మృతి 86-ఎ కింద ఈ గుర్తుల బహిరంగ ప్రదర్శన నేరం, బోధనకు పరిశోధనకు మినహాయింపు ఉంది. కాబట్టి అక్కడికి వెళ్లేటప్పుడు సంచిలో వేసుకుని వెళ్లొద్దు. విదేశీ మ్యూజియంకు పంపాలనుకుంటే ముందు భారత పురావస్తు శాఖను అడగాలి. 1972 పురావస్తువుల చట్టంలో వస్తువులకు 100 ఏళ్లు, చారిత్రక విలువ ఉన్న పత్రాలకు 75 ఏళ్లు హద్దు.

మా దగ్గరున్నది అమ్ముకోవచ్చా? మ్యూజియంవాళ్లు మీరు కొంటారా?

కొనం. ధర పెట్టామంటే నకిలీవాడికి పని ఇచ్చినట్టే. దానంగా, షరతుల్లేని దానపత్రంతో తీసుకుంటాం. ‘తాతగారి పేరు పెట్టి వేరే అద్దాల పెట్టెలో ఉంచాలి’ అనే షరతు ఉంటే వద్దంటాం. పేరు కేటలాగులో ఉంటుంది.

వరదొస్తే?

ఈ వస్తువులు కింది అంతస్తులో ఉంచకూడదు. తప్పనిసరైతే ధవళేశ్వరం దగ్గర నీటిమట్టాన్ని మీ గడియారంగా పెట్టుకోండి. మొదటి హెచ్చరిక 11.75 అడుగులు: కింది అరల్లోని కాగితం పైకి. రెండోది 13.75: అన్నీ మేడ మీదకి. మూడోది 17.75: రిజిస్టరు, దానపత్రాలు, ఫొటోల హార్డ్ డిస్కు ఊరు దాటించండి. వస్తువు తడిసినా బాగుచేయొచ్చు, రిజిస్టరు పోతే అది ఉత్త బ్యాడ్జి. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకండి. 48 గంటల్లో బూజు మొదలవుతుంది. ఆలోపు విడివిడిగా కవర్లలో పెట్టి అదే రొయ్యల ఫ్రీజరుకు చేర్చండి.